సీడీ వ్రాయడం ముగిసింది, చదివి చూచినవారెవరు?

తాళపత్ర గ్రంథం చివర వ్రాయసకాడు ఒక మాట వ్రాసి చేయి దులుపుకొనేవాడు. తాను చూచిన మాతృక ఎట్లున్నదో అట్లే వ్రాశాననీ, తప్పొప్పుల దోషం తనకు అంటగట్టవద్దనీ ఆ మాటకు భావం. వ్రాతప్రతులతో పరిచయమున్నవారికి ఈ గ్రంథాంత వాక్యం కొత్త కాదు. కంప్యూటరులో సీడీగానీ డీవీడీగానీ వ్రాసే సాఫ్ట్‌వేరు సైతం పని ముగియగానే ఇటువంటి గ్రంథాంత వాక్యాన్నే తెరమీద చూపుతుంది. వ్రాయడం విజయవంతంగా ముగిసిందని ప్రకటించి, తట్టను బయటికి తోసి, తన బాధ్యత తీరిందనుకొంటుంది. వ్రాయసకాడికీ దీనికీ ఒక్కటే తేడా. ఆయన దోషం తనది కాదన్నాడేగాని దోషం లేదనలేదు. ఇది దోషమే లేదంటుంది.

బ్లాగ్మిత్రులారా, ఈ జాబులో నేను చెప్పదలచినది చిన్న మాట. వ్రాసినంత మాత్రాన ప్రతి తయారైనట్లు కాదు. వేరొక చోట, వేరొక యంత్రం మీద, వేరొకరు దానిని చదవగలిగినప్పుడే అది ప్రతి. అంతవరకు అది మెరిసే బిళ్ళ మాత్రమే.

సీడీల కాలం గడిచిపోయింది కదా, ఇప్పుడీ చర్చ ఎందుకని మీరు అడగవచ్చు. కాలం గడిచింది కనుకనే. 2000 తరువాతి పదేళ్ళలో మా అనంతపురం సీమలో క్యాసెట్ల మీద ఉన్న హరికథలు, చెక్కభజనలు, కోలాటం పాటలు, ఉరుముల వాయిద్యం, తోలుబొమ్మలాటలు ఎన్నో సీడీలకెక్కాయి. సీడీకెక్కిందన్న ధీమాతో కొందరు క్యాసెట్లను పారవేశారు, మరికొందరు వాటిమీదనే సినిమా పాటలు నింపుకొన్నారు. ఆ పాటలు పాడినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. వానలు ముఖం చాటేసి, వేరుశనగ ఎండిపోయి, బెంగళూరు దారి పట్టిన కుటుంబాల పిల్లలకు ఆ పాటలు నోటికి రావు. పాట ఉన్న చోటు ఆ సీడీ ఒక్కటే. అది చదవకపోతే ఊరి గొంతు ఒకటి శాశ్వతంగా మూగపోయినట్లే.

ఈ మధ్య, ఒకప్పుడు నా దగ్గర చదువుకొన్న ఒకాయన మూడు సీడీలను తువ్వాలులో చుట్టుకొని వచ్చాడు. ఏదో పట్టణంలోని కంప్యూటరు దుకాణంలో ఎన్నడో వ్రాయించినవి. "అయ్యవారూ, వీటిల్లో మా నాయన చెక్కభజన పాటలుండాయి. ఇప్పుడు చూపిస్తే ఖాళీ సీడీ అంటాండారు. పాటలు యాడికి పోయినాయి?" అన్నాడు. మూడింటినీ వేర్వేరు కంప్యూటర్లలో పెట్టి చూశాము. మూడింటికీ మూడు వేర్వేరు జబ్బులు. అవి మూడూ చాలామంది ఇళ్ళలోని సీడీలకు ఉండదగినవే కాబట్టి కొంచెం వివరంగా వ్రాస్తాను.

మొదటి సీడీ నిజంగానే ఖాళీగా కనబడింది. "యాడికీ పోలేదప్పా, ఆకు మీద గీసినారు, మసి పూయలేదు, అంతే" అన్నాను. గంటంతో తాటాకు మీద గీసిన అక్షరం గీసిన వెంటనే కంటికి ఆనదు. ఆకు రంగూ గీత రంగూ ఒకటే. మసిని నూనెలో కలిపి ఆకంతా రుద్ది తుడిచినప్పుడు గీతలలో మసి నిలిచి అక్షరాలు నల్లగా తేలుతాయి. సీడీకి కూడా అటువంటి చివరి సంస్కారం ఒకటి ఉంది. పాటలన్నీ వ్రాసిన పిదప, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలిపే విషయసూచికను లోపలి అంచున, ముగింపు గుర్తును బయటి వైపున వ్రాయాలి. దీనిని సెషన్ మూయడం అంటారు. ఇక ఏమీ చేర్చడానికి వీలులేకుండా మొత్తం సీడీని మూసివేస్తే ఫైనలైజ్ చేయడం అంటారు. తరువాత మరికొన్ని పాటలు చేర్చుకోవచ్చునన్న ఆశతో దీనిని మూయకుండా వదలడం ఆనాడు దుకాణాలలో పరిపాటి. అట్టి సీడీని వ్రాసే యంత్రమైతే తన తాత్కాలిక చిట్టా చూసుకొని చదువుకొంటుంది. చదవడం మాత్రమే తెలిసిన యంత్రం సూచిక కోసం వెదికి, కానరాక, ఖాళీ సీడీ అంటుంది. మందు సులభమే. సీడీ రైటరు ఉన్న కంప్యూటరులో పెట్టి, ముందుగా పాటలను హార్డ్‌డిస్కు మీదికి తీసుకొని, ఆ తరువాత కావాలంటే మూయవచ్చు. ఈ సీడీలోని పాటలన్నీ దక్కాయి.

ఈ జబ్బుకే మరొక రూపం ఉంది. మొదట వ్రాసిన సెషన్‌ను తెచ్చి కలుపుకోకుండా దానిమీద రెండవది మొదలుపెడితే, కొత్త సూచికలో పాత దస్త్రాల పేర్లు ఉండవు. అవి చెరిగిపోలేదు, సూచికలో లేవు, అంతే. పాత సెషన్లను విడిగా చూపే సాఫ్ట్‌వేరుతో వాటిని తెరవవచ్చు. 2007లో వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని పెన్‌డ్రైవులాగా వాడుకొనే పద్ధతి కూడా సీడీలకు విండోసులోనే వచ్చింది. అది సౌకర్యమే. కాని అట్లు వ్రాసినది ఇంట్లోని డీవీడీ ప్లేయరుకు తరచుగా అర్థం కాదు. ఇచ్చేవాడి సౌకర్యం పుచ్చుకొనేవాడి పాలిట శాపం కావడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

రెండవ సీడీలో పాటలకు బదులు ఒక్కటే పెద్ద దస్త్రం, పేరు చివర ఐఎస్‌ఓ అని ఉన్నది. ఐఎస్‌ఓ దస్త్రమంటే మొత్తం సీడీకి అచ్చుపోసిన నమూనా. ఇమేజి నుంచి వ్రాయమన్న ఆదేశంతో వ్రాస్తే అది సీడీగా విచ్చుకొంటుంది. మామూలు దస్త్రంలా లాగి పడవేస్తే, విత్తనం వేరుశనగను గోతంలోంచి తీయకుండా గోతంతోనే సాలులో పాతినట్లవుతుంది. మొలక రాదు, విత్తనం చెడదు. ఇక్కడా నష్టం లేదు. ఆ ఒక్క దస్త్రాన్ని కంప్యూటరులోకి తీసుకొని విప్పితే లోపల అన్నీ ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి.

మూడవ సీడీ దగ్గర చేతులు ముడుచుకోవలసి వచ్చింది. మొదటి పాటలు బాగున్నాయి, పోగా పోగా గొంతు తెగిపోయింది. సీడీ మీద వ్రాత లోపలినుంచి బయటికి సాగుతుంది. చివర వ్రాసినవి బయటి అంచున ఉంటాయి, లోపాలు ఎక్కువగా తలెత్తేదీ అక్కడే. పైగా ఎవరో బాల్‌పెన్నుతో నొక్కి పట్టి పేరు వ్రాశారు. ఎంత శ్రమించినా చివరి రెండు పాటలు దక్కలేదు. అవి వ్రాసిన నాడే చెడ్డవా, ఈ ఇరవై ఏళ్ళలో చెడినవా? చెప్పడానికి ఇప్పుడు ఆధారం లేదు. ఆనాడు ఎవరైనా ఒక్కసారి చివరిదాకా విని ఉంటే ఈ ప్రశ్నకు తావుండేది కాదు. క్యాసెట్టు కూడా అప్పటికింకా ఇంట్లోనే ఉండేది.

నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. సీడీ వ్రాసే సాఫ్ట్‌వేరులలో వ్రాసినదానిని తిరిగి చదివి మూలంతో పోల్చే ఏర్పాటు ఉండేది. వెరిఫై అని ఒక చిన్న గడి. ఆ గడిలో మీట నొక్కితేనే ఆ పని జరిగేది చాలావాటిలో. ఎందుకట్లా? పోల్చి చూడటానికి దాదాపు వ్రాసినంత సమయం పడుతుంది. బయట గిరాకీలు వరుసలో నిలబడి ఉండగా దుకాణంవాడు ఆ గడి జోలికి పోడు. వేగాన్ని సీడీల మీద పెద్ద అంకెలలో అచ్చువేశారు. ఒక రెట్టు అంటే సెకనుకు 150 కిలోబైట్లు. 52 రెట్లంటే 7,800 కిలోబైట్లు. సరిచూచిన సీడీ అని ఎక్కడా అచ్చువేయలేదు. తాళపత్రాల కాలంలో మాతృకను ఒకరు చదువుతుండగా మరొకరు ప్రతిని సరిచూచే పద్ధతి ఉండేది. దానిని ఐచ్ఛికంగా భావించిన పండితుణ్ణి ఎవరూ గౌరవించలేదు. కడపలో కూర్చొని బ్రౌను దొర పండితుల చేత చేయించిన పని ప్రధానంగా ఇదే. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్పించి, పాఠాలు తేల్చాడు. 1829లో అచ్చయిన ఆయన వేమన పద్యాల సంపుటి వెనుక ఆ సరిచూపు ఉంది. ఆ పద్ధతిని వారసత్వంగా పొందినవాళ్ళం, తెరమీది ఒక వాక్యాన్ని చూసి సీడీని అట్టపెట్టెలో పెట్టేశాం.

వేగం గురించి ప్రచారంలో ఉన్న ఒక నమ్మకాన్ని కూడా ఇక్కడ సవరించాలి. ఎంత నెమ్మదిగా వ్రాస్తే అంత మంచిదని చాలామంది అంటారు. సీడీలోని రంగుపూతను లేజరు వేడితో మార్చడమే వ్రాత. ఆ పూతను ఏ వేగానికి తగినట్లు తయారుచేశారో ఆ పరిధిలో వ్రాయడమే మేలు. అత్యధిక వేగం ఎంత చెరుపో, అధికవేగపు సీడీ మీద మరీ తక్కువ వేగమూ అప్పుడప్పుడు అంతే చెరుపు. మధ్యస్థ వేగం, స్థిరమైన కరెంటు, వ్రాసేటప్పుడు కంప్యూటరులో వేరే పని పెట్టకపోవడం, ఇవి మూడూ ఉత్తమం. మా ప్రాంతంలో రెండవదే దుర్లభంగా ఉండేది. వ్రాత మధ్యలో కరెంటు పోతే ఆ సీడీ టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే. కంప్యూటరు సమాచారాన్ని అందించలేక వెనుకబడినప్పుడు వ్రాత చెడిపోకుండా ఆగి మళ్ళీ కలిపే ఏర్పాటు 2000 ప్రాంతంలో రైటర్లకు వచ్చిందిగాని, పోయిన కరెంటును అది తేలేదు.

ఇక తెలుగువారికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. దస్త్రాల పేర్లు. సీడీల మూల ప్రమాణం ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలూ అంకెలూ అడుగు గీతా తప్ప మరేవీ ఎరుగదు. తొలి స్థాయిలో పేరుకు ఎనిమిది, తోకకు మూడు అక్షరాలే. యూనికోడు పేర్ల కోసం దానిమీద జోలియెట్ అనే పొడిగింపు కట్టారు. అందులో పేరుకు 64 స్థానాలు. చాలుననిపిస్తుంది. కాని యూనికోడు లెక్కలో మన అక్షరం ఒక్క స్థానంతో తృప్తిపడదు. శ్రీ అన్న ఒక్క అక్షరానికి శకారం, పొల్లు, రకారం, ఈత్వపు గుర్తు కలిపి నాలుగు స్థానాలు. శ్రీమదాంధ్రమహాభారతము అన్న పది అక్షరాల పేరుకు ఇరవై స్థానాలు కావాలి. దానికి పర్వం పేరు, ఆశ్వాసం పేరు, చదివినవారి పేరు, ఊరు చేర్చి చివర భాగసంఖ్య పెడతాం. అసలు తేడా తెలిపే ఆ భాగసంఖ్య 64 దాటి తెగిపోతుంది. అప్పుడు సాఫ్ట్‌వేరు ఒకే పేరు రెండుసార్లు వచ్చిందంటుంది, లేదా తనకు తోచిన పేరు పెడుతుంది. జోలియెట్‌ను అసలు ఎంచుకోకపోతే ఇంకా ఘోరం. తెలుగు పేర్లన్నీ గీతలుగా, ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. లినక్సులో పేరుకు పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు గనుక అక్కడ మనకు దక్కేది 85 స్థానాలు. అందుచేత సంఖ్యను ముందు పెట్టి, పేరు చిన్నదిగా ఉంచి, పూర్తి వివరాలు ఒక విడి దస్త్రంలో తెలుగులో వ్రాసిపెట్టడం ఉత్తమమని నా అభిప్రాయం. తెలుగు పేర్లు వద్దనడం లేదు, తెలుగు పేరు తెగిపోకుండా చూచుకొమ్మంటున్నాను.

పేరు బాగుండి, దస్త్రం తెరుచుకొని, లోపలిది మాత్రం చదవరానిదైతే? ఆ బాధ మన బ్లాగరులకు చెప్పనక్కరలేదు. యూనికోడుకు పూర్వం పత్రికలకూ ప్రచురణకర్తలకూ ఎవరి ఖతులు వారివి. ఆ ఖతి లేని కంప్యూటరులో ఆ తెలుగు ఇంగ్లీషు చుక్కలూ కొక్కేలుగా కనిపించేది. వాటిని యూనికోడులోకి మార్చిన పద్మ పొడిగింపు ఎందరికో కళ్ళిచ్చింది. 2017లో ఫైర్‌ఫాక్సు పాత తరహా పొడిగింపులకు స్వస్తి చెప్పినప్పుడు అటువంటి సాధనాలు ఎన్నో మూలపడ్డాయి. సీడీ భద్రం, దస్త్రం భద్రం, చదివే కన్ను పోయింది.

సీడీ తనలోని దోషాన్ని ఎట్లు దాచుకొంటుందో కూడా తెలియాలి. కంప్యూటరు సీడీలో ఒక్కొక్క ఖండం 2,352 బైట్లు. అందులో మన సమాచారం 2,048 మాత్రమే. మిగిలిన 304లో ఎక్కువ భాగం తప్పులను పట్టి దిద్దడానికే. దానికి అడుగున రీడ్, సాలమన్ అనే గణితజ్ఞులు 1960లో ప్రకటించిన పద్ధతి మీద కట్టిన మరొక దిద్దుబాటు వరుస ఉంటుంది. పద్యాలు పరిష్కరించినవారికి ఇది వింతగా తోచదు. వ్రాతప్రతిలో ఒక అక్షరం జారితే గణం చెడుతుంది, యతి తప్పుతుంది, ప్రాస పట్టిస్తుంది. పరిష్కర్త అర్థాన్నిబట్టి ఆ అక్షరాన్ని పూరిస్తాడు, చదివేవారికి ఆ లోపం ఎన్నటికీ తెలియదు. ఛందస్సు చేసే ఉపకారం సీడీలో గణితం చేస్తుంది. అయితే ఒక పాదంలో ఒకటి రెండు అక్షరాలు పోతే పూరించగలంగాని, సగం పాదం చెదలు తింటే ఛందస్సు ఏం చేస్తుంది? సీడీ కూడా అంతే. ఏళ్ళ తరబడి లోలోపల దిద్దుకొంటూ బయటికి నిక్షేపంగా పాడుతుంది. దిద్దుబాటు హద్దు దాటిన నాడు ఒక్కసారిగా కూలిపోతుంది. నిన్నటిదాకా పాడిందన్న మాట సీడీ ఆరోగ్యానికి సాక్ష్యం కాదు. కేవలం పాటల సీడీలలో ఆ 2,352 బైట్లూ పాటకే పోతాయి, పై దిద్దుబాటు వరుస ఉండదు. కాబట్టి వాటి విషయంలో మరింత తొందరపడాలి.

దాచే తీరు గురించి రెండు మాటలు. మనం సీడీ మెరిసే వైపును కాపాడి, పేరు వ్రాసే వైపును నిర్లక్ష్యం చేస్తాం. నిజానికి సీడీలో వ్రాత ఉన్న పొర పేరు వ్రాసే వైపుకే దగ్గర. దానిమీద రక్షణగా ఉన్నది పలుచని పూత. మెరిసే వైపు గీతను కొంతవరకు సాన పట్టవచ్చు, పైవైపు గీత పడితే వ్రాతే లేచిపోతుంది. డీవీడీలో వ్రాత రెండు పలకల నడుమ ఉంటుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో అది మెరుగు. ఎండ, వేడి ఈ రంగుపూతకు పరమ శత్రువులు. ఏటా నలభై డిగ్రీలు దాటే మా ఎండలలో రేకుల ఇంటి అటక మీద సీడీల పెట్టె పెట్టడం, తాటాకు కట్టను పొయ్యి పక్కన పెట్టడం ఒకటే. పాత మట్టిమిద్దెలలో నేలకు దగ్గరగా, చీకటి గూట్లో ఉన్నవి బతికే అవకాశం ఎక్కువ.

వ్రాత నిలిచినంత మాత్రాన చాలదని చెప్పడానికి తెలుగువారి చరిత్రలో అన్నమయ్య సంకీర్తనల కథకు మించినది లేదు. పదిహేనవ శతాబ్దపు ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచారు. రాగిరేకు కంటె మన్నికైన సీడీ ఎవరు చేయగలరు? రేకులు నిలిచాయి. శతాబ్దాల పాటు వాటిని చదివేవారు మాత్రం కరవయ్యారు. ఇరవయ్యవ శతాబ్దంలో అవి వెలుగు చూచిన తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి, ఆయన అనంతరం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటిని చదివి పరిష్కరించారు. రాళ్ళపల్లి వారు మా అనంతపురం జిల్లావారే, 1893లో ఈ జిల్లాలోని రాళ్ళపల్లిలో పుట్టారు. రేకుల మీద పాటకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. సాహిత్యం చదవగలిగారు, పాడిన తీరు చదవడానికి ఏమీ మిగలలేదు. అందుచేత సంగీతజ్ఞులైన ఆయన ఎన్నో కీర్తనలకు తామే స్వరాలు కూర్చవలసి వచ్చింది. ఆ స్వరాలు మనకు వరమే, కాని అన్నమయ్య పాడినవి మాత్రం కావు. నోటినుంచి నోటికి పాట సాగే వరుస తెగితే రాగిరేకైనా సగమే చెబుతుంది.

ఇంగ్లండులో ఇదే కథ తలక్రిందులుగా జరిగింది. 1086 నాటి డోమ్స్‌డే గ్రంథం చర్మపత్రాల మీద నేటికీ చదవడానికి వీలుగా ఉంది. దానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ వారు జనం చేత కొత్త డోమ్స్‌డే వ్రాయించి లేజర్ డిస్కుల మీదికి ఎక్కించారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు అరుదైపోయి, దానిని దక్కించడానికి పరిశోధకులు ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది.

మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి మీకు తెలిసినదే. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారి సంకల్పంతో, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల పూనికతో జరిగిన ఆ మహాకార్యం వల్లనే ఎన్నడూ చూడలేమనుకొన్న తెలుగు పుస్తకాలు ఇంట్లో కూర్చొని చదవగలిగాం. ఆ ఋణం తీరేది కాదు. అయినా ఒక మాట అనక తప్పదు. అక్కడ లెక్క పుటలలో, పుస్తకాలలో సాగింది. ఎన్ని పుటలు వంకరపోయాయి, ఎన్ని జారిపోయాయి, రోమను లిపిలో గుర్తుపట్టలేనట్లు వ్రాసిన పేర్ల వెనుక ఏ గ్రంథాలు దాగాయి అన్న లెక్క పాఠకులకే మిగిలింది. ఆ సైటు 2017 ప్రాంతంలో అందుబాటులో లేకుండా పోయింది. అందులోని గ్రంథాలు పెద్ద ఎత్తున ఇంటర్నెట్ ఆర్కైవుకు చేరి ఉండబట్టి మనం బతికిపోయాం. ఒక చోటినుంచి మరొక చోటికి ఎవరో తీసి, తెరచి, చూచి పెట్టినదే దక్కింది. ఎన్ని వ్రాశామన్నది కాక, ఎన్ని చదివి చూశామన్నదే ఏ సంస్థకైనా, ఏ గృహస్థుకైనా అసలు లెక్క కావాలని నా వాదం.

ఇప్పుడంతా ఫోనులలో, అంతర్జాలంలో ఉంది, సీడీల బాధ తీరిందనేవారికి నా సమాధానం ఒకటే. చేర్చడం పూర్తయిందన్న మాట అక్కడా వినబడుతుంది. చేర్చినదానిని మరొక ఊళ్ళో ఉన్నవారు తెరచి చివరిదాకా విన్నారా? లేకుంటే ఆ గ్రంథాంత వాక్యమే కొత్త వేషంలో వచ్చింది.

కావున మీలో ఎవరింట పాత సీడీల పెట్టె ఉన్నా ఈ సంవత్సరమే దింపండి. కొత్త ల్యాప్‌టాపులలో సీడీ తట్ట ఉండదు. యూఎస్‌బీ తీగతో తగిలించుకొనే రైటరు ఒకటి తెచ్చుకొని వీధిలో పదిమంది వాడుకోవచ్చు. సీడీని మెత్తని పొడిగుడ్డతో నడుమనుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి. తిరిగి వ్రాయదగిన సీడీని పెట్టినప్పుడు ఫార్మాట్ చేయనా అని కంప్యూటరు అడిగితే సరేననకండి. ఒక యంత్రంలో చదవకపోతే మరొకదానిలో పెట్టండి, వ్రాసిన యంత్రమే దొరికితే మరీ మంచిది. పాడైనదానిలోంచి పాటలు ఒక్కొక్కటిగా లాగడానికి పెనుగులాడకుండా ముందు మొత్తం సీడీకి ఇమేజి తీయండి. అందుకు ఉచితంగా దొరికే డీడీరెస్క్యూ వంటి సాధనాలున్నాయి. కంప్యూటరు సమాచారంగా వ్రాసిన సీడీలకు అది చక్కగా పనిచేస్తుంది. చదవరాని చోట్లను విడిచి ముందుకు పోయి, వాటి చిట్టా ఉంచుకొని, మళ్ళీ వచ్చి ప్రయత్నిస్తుంది. ఒక యంత్రం చదవలేని తావును మరొక యంత్రం చేత చదివించి పూరిస్తుంది. ఒకే నమూనానుంచి వ్రాసిన రెండు సీడీలుంటే ఒకదాని లోపాన్ని రెండవదానితో నింపుతుంది. బ్రౌను దొర పండితులు చేసినది ఇదే కదా! పాటల సీడీలకైతే ఒక్కొక్క ఖండాన్నీ మళ్ళీ మళ్ళీ చదివి పోల్చే సాధనాలు వేరే ఉన్నాయి, వాటిని వాడండి. తీసినదానికి ఎండీ5 ముద్ర వేసి పెట్టుకొంటే తరువాతి ప్రతులు సరిగా ఉన్నదీ లేనిదీ క్షణంలో తేలుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ముద్ర కాదు, చెవి. తీసిన పాటను ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చొని మొదటినుంచి చివరిదాకా వినండి. ఆ పాట ఎవరిది, ఏ పండుగనాటిది, ఆ మాటకు అర్థమేమి అని వారినే అడిగి వ్రాసుకోండి. ఒక ప్రతిని వేరే ఊళ్ళో ఉన్న బంధువుకు పంపి, విని ఫోను చేయమనండి. ఆ ఫోను వచ్చిన నాడు ఆ ప్రతి పూర్తయినట్లు లెక్క వేసుకోండి.

మీ ఇళ్ళలోని సీడీలకు ఏ జబ్బు కనబడింది, ఏ మందు పనిచేసింది, వ్యాఖ్యలలో వ్రాయ ప్రార్థన. ఒకరి అనుభవం మరొకరి పెట్టెను తెరిపిస్తుంది.

స్వస్తి.